పాత హార్డ్‌డిస్కులను కొత్త నాస్ పెట్టెలోకి మార్చేటప్పుడు

ఇంట్లోని పరికరాలన్నింటికీ నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లను అందించే నిల్వ పెట్టెను నాస్ అంటారు. మా ఇంటి నెట్‌వర్క్‌లో చాలాకాలంగా పని చేస్తున్న, రెండు డిస్కులు పట్టే రెండు అరల నాస్ పెట్టెకు భద్రతా అప్‌డేట్లు రావడం ఆగిపోయినందున, దాని స్థానంలో నాలుగు అరల పెట్టె ఒకటి తెచ్చుకున్నాను. పాత పెట్టెలోని హార్డ్‌డిస్కులు ఆరోగ్యంగానే ఉన్నాయి కాబట్టి వాటిని పారవేయవలసిన అవసరం కనిపించలేదు. అప్పుడు రెండు దారులు మిగిలాయి. ఉన్న డిస్కులను వాటి మీది డేటాతో సహా కొత్త పెట్టెలో అమర్చడం మొదటిది. కొత్త పెట్టెలో ఖాళీ డిస్కులతో మొదటినుంచి అమరికను కట్టుకుని, ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా నకలు చేసి, ఆ తరువాతనే పాత డిస్కులను తుడిచి వాడుకోవడం రెండవది. మొదటిది నిమిషాల పనిలాగా, రెండవది రోజుల పనిలాగా కనిపిస్తుంది గనుక చాలామంది ఆ తేడాను బట్టే నిర్ణయించుకుంటారు. పాత డిస్కుల మీద ఏనాడో చేసిన అమరికను ఇంకా ఎన్నేళ్లు మోయదలచుకున్నాం అన్నది అంతకన్నా ముందు తేల్చుకోవలసిన విషయమని నా అభిప్రాయం.

నాస్‌లోని డిస్కును ఒక పెద్ద పెన్‌డ్రైవ్‌గా ఊహించుకోవడం వల్లనే సగం చిక్కులు వస్తాయి. ఇళ్లలో వాడే నాస్ పెట్టెల్లో అధిక భాగం లోపల లినక్స్ నడుస్తుంది. డిస్కు మీద ముందు పార్టిషన్లు, వాటి మీద ఎండీ అనే సాఫ్ట్‌వేర్ రెయిడ్ పొర (డిస్కులను ఒక సమూహంగా కలిపి, ఒకటి పాడైనా డేటా నిలిచేలా చూసేది), కొన్నిచోట్ల దాని మీద ఆ చోటును వాల్యూములనే భాగాలుగా పంచే ఎల్‌వీఎం అనే మరో పొర, అన్నింటికీ పైన ఫైళ్లను పేర్లతో అమర్చి ఉంచే ఎక్స్‌ట్4 లేదా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ఉంటాయి. సైనాలజీ సంస్థ హైబ్రిడ్ రెయిడ్ అని పిలిచేది కూడా ఈ ఎండీ, ఎల్‌వీఎం పొరల కలయికే. ఒక డిస్కు ఏ సమూహానికి చెందినదో, అందులో దాని స్థానం ఎన్నవదో తెలిపే గుర్తును రెయిడ్ పొర ప్రతి డిస్కు మీదా రాసిపెడుతుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న 1.2 రకం గుర్తు పార్టిషన్ మొదలు నుంచి 4 కిలోబైట్ల దూరంలో ఉంటుంది. సమూహాన్ని తిరిగి కూర్చడానికి కావలసిన వివరమంతా ఇలా డిస్కుల మీదనే ఉన్నందువల్ల, పెట్టె కాలిపోయినా డిస్కులను మామూలు లినక్స్ కంప్యూటర్‌కు తగిలించి, ఎండీఆడమ్ అనే ఉపకరణంతో సమూహాన్ని నిలబెట్టి, డేటాను చదువుకోవడం సాధ్యమవుతుంది. అయితే అందులో ‘అసెంబుల్’ ఆదేశం ఉన్న గుర్తులను చదివి సమూహాన్ని కూర్చుతుంది. ‘క్రియేట్’ ఆదేశం ఆ గుర్తుల మీద కొత్తవి రాస్తుంది. ఏది ఏమి చేస్తుందో తెలియకుండా రెండవదాని జోలికి పోకూడదు.

రెయిడ్ పనిని కూడా తానే చేసే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ను వాడే ట్రూనాస్ వంటి నాస్ వ్యవస్థల్లో ఈ పని ఇంకా శుభ్రంగా జరుగుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి డిస్కు మీదా 256 కిలోబైట్ల లేబుళ్లను నాలుగింటిని ఉంచుతుంది, రెండు మొదట్లో, రెండు చివర్లో. పాత యంత్రంలో పూల్‌ను (డిస్కులను కలిపి చేసిన నిల్వను) ఎక్స్‌పోర్ట్ చేసి, అంటే ఆ యంత్రం నుంచి విడిపించి, డిస్కులను ఏ వరుసలోనైనా కొత్త యంత్రానికి తగిలించి ఇంపోర్ట్ చేస్తే సరిపోతుంది. ఎక్స్‌పోర్ట్ చేయకుండా తెచ్చిన పూల్ వేరొక యంత్రం వాడుకలో ఉందని హెచ్చరిస్తుంది. బలవంతంగా ఇంపోర్ట్ చేయవచ్చు గాని, పాత యంత్రం నిజంగానే ఆ డిస్కులను వదిలివేసిందని రూఢి చేసుకున్నాకే ఆ పని చేయాలి. కొత్త యంత్రంలో పూల్ కనిపించగానే దాన్ని అప్‌గ్రేడ్ చేయమన్న సూచన కూడా రావచ్చు. దాన్ని కొన్నాళ్లు పట్టించుకోకుండా ఉండడం మేలు, ఎందుకంటే కొత్త సదుపాయాలను ఒకసారి చేర్చాక పాత వ్యవస్థ ఆ పూల్‌ను తెరవలేకపోవచ్చు, అంటే వెనక్కు వెళ్లే దారి మూసుకుపోతుంది. అన్‌రెయిడ్ అనే మరో నాస్ వ్యవస్థ పద్ధతి వేరు: పాడైన డిస్కులోని డేటాను తిరిగి లెక్కగట్టేందుకు పారిటీ డిస్కును ఉంచే సమూహంలో ప్రతి డేటా డిస్కు మీదా దాని ఫైల్ సిస్టమ్ విడిగా ఉంటుంది, ఏ డిస్కు ఏ స్థానంలో ఉండాలన్నది సీరియల్ నంబర్‌ను బట్టి సాగుతుంది, లైసెన్సూ అమరిక వివరాలూ యూఎస్‌బీ స్టిక్‌లో ఉంటాయి. డిస్కులతో పాటు ఆ స్టిక్‌నూ తీసుకువెళితే చాలు.

రెయిడ్ పనిని హార్డ్‌వేర్ కార్డు చేసే యంత్రాల విషయం మాత్రం వేరు. ఆ కార్డు తన పద్ధతిలో రాసిన వివరాన్ని అదే కుటుంబపు కార్డు తప్ప ఇతరాలు చదవలేకపోవచ్చు. అలాంటి డిస్కుల మీది డేటాను నకలు చేసుకోవడమే క్షేమం.

రెండు పెట్టెలూ ఒకే సంస్థవి అయితే తరలింపుకు ఆ సంస్థే ఒక పద్ధతి చెబుతుంది. ఏ నమూనా నుంచి ఏ నమూనాకు డిస్కులను నేరుగా మార్చవచ్చో తెలిపే పట్టికను ముందుగా చూసుకోవాలి. పాత పెట్టెలో దానికి అందే చివరి ఫర్మ్‌వేర్‌ను (పెట్టెను నడిపే సాఫ్ట్‌వేర్‌ను) ఎక్కించి, డిస్కులను అదే వరుసలో అమర్చమనడం ఇలాంటి సూచనల్లో మామూలుగా కనిపిస్తుంది. సమూహపు గుర్తులు డిస్కుల మీదనే ఉన్నప్పుడు వరుసతో పనేమిటని అనిపించవచ్చు, కానీ సంస్థ సాఫ్ట్‌వేర్ పైన ఇంకేమి లెక్కలు వేసుకుంటుందో మనకు తెలియదు గనుక చెప్పిన వరుసనే పాటించడం మంచిది. ఒకే సంస్థలో కూడా అన్ని దారులూ తెరిచి ఉండవు. క్యూనాప్ సంస్థ పెట్టెల్లో ఎక్స్‌ట్4 ఆధారిత క్యూటీఎస్ అనే నిర్వహణ వ్యవస్థ నుంచి జెడ్‌ఎఫ్‌ఎస్ ఆధారిత క్యూటీఎస్ హీరోకు డేటాను ఉంచుకుని డిస్కులను మార్చలేము. డిస్కులను మళ్లీ ఫార్మాట్ చేయవలసిందే. సంస్థ మారితే ఇక చెప్పనక్కరలేదు: లోపల రెండూ లినక్సే అయినా, ఒకరి పెట్టె మరొకరి డిస్కులను చూసి చేసే మొదటి పని వాటిని ఫార్మాట్ చేయమని అడగడం.

డిస్కుల బ్రాండు కూడా లెక్కలోకి వస్తుంది. సైనాలజీ 2025 ఏప్రిల్‌లో, ఆ ఏడాది విడుదలయ్యే ప్లస్ శ్రేణి పెట్టెల్లో తన సొంత డ్రైవులనో, తాను ధ్రువీకరించిన డ్రైవులనో మాత్రమే పూర్తిగా సమర్థిస్తామని ప్రకటించింది. పాత పెట్టె నుంచి అమరికతో సహా తరలించిన డిస్కులకు అందులో మినహాయింపు ఇచ్చింది. వాడుకరుల నుంచి వచ్చిన వ్యతిరేకత తరువాత అదే ఏడాది అక్టోబరులో తన నిర్వహణ వ్యవస్థ డీఎస్‌ఎం 7.3 కూర్పుతో ఆ నిబంధనను సడలించింది. పెట్టెను కొనే ముందే అనుకూల డ్రైవుల జాబితాను, అందులోని చిన్న అక్షరాలతో సహా, చదవడం అవసరమని ఈ ఉదంతం వల్ల తెలుస్తోంది.

డిస్కులను అలాగే మార్చగలిగినా నేను రెండవ దారినే ఎంచుకోవడానికి కారణం పాత అమరికలోని పరిమితులు. డిస్కులతో పాటు అవి కూడా కొత్త పెట్టెలోకి వస్తాయి. 64 బిట్ సదుపాయం లేకుండా సృష్టించిన ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్, 4 కిలోబైట్ల బ్లాకులతో, 16 టెబీబైట్లకు మించి పెరగలేదు; 32 బిట్ ప్రాసెసర్ ఉన్న పెట్టెల్లో కట్టిన వాల్యూములకు ఈ హద్దు ఉంటుంది. ఆ డిస్కులను ఎంత శక్తిమంతమైన పెట్టెలోకి మార్చినా, ఎన్ని కొత్త డిస్కులు చేర్చినా, ఆ వాల్యూమ్ అక్కడే ఆగిపోతుంది. పవర్‌పీసీ చిప్‌తో వచ్చిన కొన్ని పాత పరికరాలు 64 కిలోబైట్ల బ్లాకులతో ఎక్స్‌ట్4 ను సృష్టించేవి. తమ పేజీ పరిమాణం కన్నా పెద్ద బ్లాకులున్న ఫైల్ సిస్టమ్‌ను మామూలు కంప్యూటర్లలోని లినక్స్ చాలాకాలం పాటు మౌంట్ చేయలేకపోయింది. నా పాత వాల్యూమ్ ఎక్స్‌ట్4 లో ఉంది. నాకు కావలసిన స్నాప్‌షాట్లు (ఫైళ్లు ఒక క్షణాన ఎలా ఉన్నాయో నిలిపి ఉంచేవి), చెక్‌సమ్‌లు (డేటా చెడిందో లేదో తేల్చే లెక్కలు) బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో ఉన్నాయి. ఉన్నచోటనే ఒకదాన్ని మరొకదానిగా మార్చే వీలు ఇలాంటి పెట్టెల్లో ఉండదు. ఇప్పుడు కొన్ని గంటలు మిగుల్చుకుని, తరువాత మరింత పెరిగిన డేటాతో ఇదే పని మళ్లీ చేయడం నాకు సబబుగా తోచలేదు.

ఏ దారిలో వెళ్లినా బ్యాకప్ ముందు ఉండాలి. రెయిడ్ ఒక డిస్కు పాడైతే ఆదుకుంటుంది. పొరపాటున నొక్కిన ఫార్మాట్ మీట రెండు డిస్కులనూ ఒకేసారి తుడుస్తుంది. మిర్రర్‌లోని, అంటే ఒకే డేటాను మోసే జంటలోని, రెండు డిస్కుల్లో ఒకదాన్ని ఊడదీసి కొత్త పెట్టెలో పెట్టి, రెండవదాన్నే బ్యాకప్‌గా చూసుకుంటూ నకలు చేసే ఉపాయం ఒకటి తరచు వినిపిస్తుంది. డబ్బు ఆదా అవుతుంది గాని, డేటా మొత్తాన్ని మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా చదవవలసిన సమయంలోనే రక్షణను తీసివేసినట్టవుతుంది. సాధారణ డిస్కుల వివరపత్రాల్లో 100 లక్షల కోట్ల బిట్లు చదివితే గరిష్ఠంగా ఒక చదవలేని సెక్టార్ తగలవచ్చని ఉంటుంది; అది 12.5 టెరాబైట్లతో సమానం. వాడుకలో డిస్కులు ఇంతకన్నా మెరుగ్గానే పని చేస్తాయి, అయినా ఒంటరిగా మిగిలిన పాత డిస్కు మీద ఆ పందెం కాయడానికి నాకు మనసొప్పలేదు. విడిగా ఒక యూఎస్‌బీ డిస్కు మీద పూర్తి నకలు తీసి, అందులోంచి కొన్ని ఫోల్డర్లను వేరే కంప్యూటర్‌లో తెరిచి చూసుకున్న తరువాతే పాత పెట్టె మీద చేయి వేశాను.

పాత డిస్కులు ఇంకా కొన్నేళ్లు వాడదగినవేనా అన్నది డిస్కు తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ వివరాల్లో చూసుకోవాలి. అక్కడ కనిపించే అంకెలన్నింటినీ చదివి బెంగపడనవసరం లేదు. 5వ అంశం వేరేచోటికి మార్చిన సెక్టార్ల సంఖ్యను, 197వది తేలకుండా ఉన్న సెక్టార్లను, 198వది చదవలేకపోయిన వాటిని తెలుపుతాయి. ఈ మూడూ సున్నా దగ్గర ఉండి, పెరగకుండా ఉంటే మంచిదే. 199వది పెరిగితే డిస్కు కన్నా ముందు కేబులునూ కనెక్షన్‌నూ అనుమానించాలి. ఆ తరువాత సుదీర్ఘ పరీక్షను నడపాలి. సెకనుకు సగటున 200 మెగాబైట్లు చదివే 8 టెరాబైట్ల డిస్కుకు అది 11 గంటలకు పైగా పడుతుంది. డిస్కు నమూనాను కూడా ఒకసారి వెతికి చూసుకోవాలి. ట్రాకులను ఒకదాని మీద ఒకటి కొంత కప్పుతూ రాసే ఎస్‌ఎంఆర్ రకం డిస్కులు, రెయిడ్‌ను తిరిగి నిర్మించేటప్పుడు వచ్చే ఎడతెగని రాతను తట్టుకోలేక బాగా నెమ్మదిస్తాయి. నాస్ కోసమని అమ్మిన వెస్టర్న్ డిజిటల్ రెడ్ డ్రైవుల్లో 2 నుంచి 6 టెరాబైట్ల నమూనాలు కొన్ని ఈ రకానివేనని 2020లో బయటపడింది. ఆ తరువాత ఆ సంస్థ, ట్రాకులను అలా కప్పకుండా రాసే సీఎంఆర్ డ్రైవులను రెడ్ ప్లస్ పేరుతో వేరు చేసింది.

డిస్కులను తీసి పెట్టడంలో చెప్పుకోవలసింది తక్కువ. పెట్టెను పద్ధతి ప్రకారం షట్‌డౌన్ చేసి, పళ్లేలు తిరగడం పూర్తిగా ఆగాకే డిస్కులను తీయాలి. ప్రతి డిస్కు మీదా అర సంఖ్యను రాసి, సీరియల్ నంబర్‌తో పాటు ఫోటో తీసి ఉంచుకోవాలి. ఎక్కువ సామర్థ్యం ఉన్న కొత్త డిస్కులకు అడుగున మధ్యలో ఉండే స్క్రూ రంధ్రాలు లేకపోవచ్చు, పాత ట్రేలు వాడదలచుకున్నవారు ఇది గమనించాలి. యూఎస్‌బీ పెట్టెల నుంచి ఊడదీసిన డిస్కులతో ఇంకో రెండు తంటాలు ఉన్నాయి. వాటిలో కొన్ని, మూడవ పిన్ మీద 3.3 వోల్టులు అందితే తిరగడం మానేస్తాయి. పాత పవర్ సప్లైతో సొంతంగా కట్టుకున్న యంత్రాల్లో ఇది ఎక్కువగా ఎదురవుతుంది. కొన్ని యూఎస్‌బీ పెట్టెల్లోని వంతెన చిప్ సెక్టార్ పరిమాణాన్ని 4096 బైట్లుగా చూపుతుంది కాబట్టి, అదే డిస్కును నేరుగా యంత్రం లోపలి సాటా కనెక్షన్‌కు తగిలిస్తే పార్టిషన్ పట్టిక లెక్క తప్పి, డిస్కు ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది. డేటా ఎక్కడికీ పోలేదు. ఆ తెర చూసి ఫార్మాట్ చేస్తే మాత్రం పోతుంది.

డిస్కులను అలాగే మార్చినవారికి కీలకమైన క్షణం కొత్త పెట్టె మొదటిసారి తెరిచే తెర. పాత అమరికను గుర్తించిన పెట్టె తరలింపు అన్న మాటను స్పష్టంగా చూపుతుంది. అలా చూపకుండా కొత్తగా స్థాపించమని, డిస్కుల మీది డేటా అంతా తొలగుతుందని అడిగితే అక్కడితో ఆగి, విద్యుత్తు ఆపి, డిస్కులను తీసి పాత పెట్టెలో పెట్టి చూడాలి. డిస్కుల మీద ఏమీ రాయనంత వరకు వెనక్కు రాగలం. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్లు ఉన్నవారు తాళపు ఫైళ్లనూ పాస్‌వర్డులనూ తరలింపుకు ముందే బయటికి తీసి, నాస్‌లో కాక మరోచోట ఉంచుకోవాలి. తాళాలను పాత పెట్టె తనంతట తాను గుర్తుంచుకుని రోజూ తెరిచిపెడుతున్నందువల్ల పాస్‌వర్డు ఏమిటో మరచిపోయినవారు చాలామంది ఉంటారు.

నకలు దారిలో వెళ్లిన నాకు ఎక్కువ సమయం తీసుకున్నది నెట్‌వర్క్. గిగాబిట్ ఈథర్‌నెట్ మీద సెకనుకు ఇంచుమించు 110 మెగాబైట్లు వెళతాయి, ఆ లెక్కన 8 టెరాబైట్లకు 20 గంటలు దాటుతుంది. వేల కొద్దీ చిన్న ఫైళ్లుంటే ఇంకా ఎక్కువ. మధ్యలో కంప్యూటర్‌ను పెట్టి ఒక కిటికీలోంచి మరో కిటికీలోకి ఫైళ్లను లాగడం సరైన పద్ధతి కాదు. అలా చేస్తే ప్రతి బైటూ కంప్యూటర్ దాకా వచ్చి తిరిగి వెళ్లాలి, మధ్యలో ఆగిపోతే ఎంతవరకు వెళ్లిందో తేల్చడం కష్టం. తేడా ఉన్నవాటినే నకలు చేసే ఆర్‌సింక్ అనే ఉపకరణాన్ని రెండు పెట్టెల మధ్య నేరుగా నడిపితే తెగిన చోటు నుంచి కొనసాగుతుంది, ఫైళ్ల తేదీలూ అనుమతులూ నిలుస్తాయి. మొదటి నకలు పూర్తయ్యాక పాత పెట్టెలోకి కొత్తగా ఏమీ రాకుండా ఆపి రెండోసారి నడపాలి. ఆ తరువాత చెక్‌సమ్ పోలికతో మూడోసారి నడిపి, తేడా లేదని చూసుకుంటే నిశ్చింత. స్నాప్‌షాట్ల చరిత్ర మాత్రం ఆర్‌సింక్‌తో రాదు. అది కావాలంటే రెండువైపులా జెడ్‌ఎఫ్‌ఎస్ గాని, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గాని ఉండి, వాటి సెండ్, రిసీవ్ పద్ధతిని వాడాలి.

తెలుగులో ఫైళ్ల పేర్లు పెట్టుకునేవారు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. యూటీఎఫ్-8 లో ప్రతి తెలుగు అక్షర సంకేతం 3 బైట్లు తీసుకుంటుంది, గుణింతపు గుర్తులూ పొల్లూ వేటికవి విడి సంకేతాలు. లినక్స్ ఫైల్ సిస్టముల్లో పేరుకు 255 బైట్లే హద్దు గనుక 85 సంకేతాలకు మించిన తెలుగు పేరు పట్టదు; విండోస్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్ 255 యూటీఎఫ్-16 ప్రమాణాల దాకా ఒప్పుకుంటుంది కాబట్టి అక్కడ చక్కగా ఉన్న పేరు ఇక్కడ నకలు కాకుండా ఆగిపోవచ్చు. సైనాలజీలో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్లకు హద్దు ఇంకా తక్కువ, 143 ఆంగ్ల అక్షరాలు. తెలుగులో అది 47 దగ్గరే తీరిపోతుంది. ఐత్వపు గుర్తుతో మరో ఇబ్బంది ఉంది. యూనికోడ్‌లో దాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వానికి మరో గుర్తును చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. మ్యాక్‌ల పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసి దాచేది. అందువల్ల ‘సైకిల్’ అన్న ఒకే పేరుతో పక్కపక్కనే రెండు ఫైళ్లు కనిపిస్తే ఆశ్చర్యపోకూడదు.

ఫైళ్లు చేరాక కూడా ఇంట్లోని కంప్యూటర్లు, ఫోన్లు, టీవీ పాత పెట్టె కోసమే వెతుకుతాయి. కొత్త పెట్టె మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ పరికరానికి ఉండే సొంత గుర్తింపు సంఖ్య) వేరు కనుక రౌటర్ దానికి వేరే ఐపీ ఇస్తుంది. పాత పెట్టెను ఆపి, దాని ఐపీనీ పేరునూ కొత్తదానికి కేటాయిస్తే చాలా పరికరాలకు మార్పే తెలియదు. లినక్స్ యంత్రాలు ఫైళ్లను పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతిని వాడేవారికి అనుమతుల చిక్కు వస్తుంది, ఎందుకంటే ఫైలు మీద నమోదయ్యేది యజమాని పేరు కాక ఒక సంఖ్య. చాలా లినక్స్ పంపిణీల్లో మొదటి వాడుకరి సంఖ్య 1000, సైనాలజీలో 1026; సంఖ్యలు కలవకపోతే సొంత ఫైళ్లే పరాయివైపోతాయి. విండోస్ 11 లో 24హెచ్2 అనే విడుదల నుంచి, విండోస్ ఫైళ్లను పంచుకునే ఎస్‌ఎంబీ పద్ధతిలో సందేశాలకు డిజిటల్ సంతకం డిఫాల్ట్‌గా తప్పనిసరి అయింది, ప్రో కూర్పులో అతిథి ప్రవేశం డిఫాల్ట్‌గా మూతపడింది. పాత పెట్టెలో పాస్‌వర్డు లేకుండా తెరుచుకునే ఫోల్డర్లు ఉన్నవారు కొత్తదానిలో ఒక్కొక్కరికీ ఖాతా చేసి ఇవ్వడమే మేలు.

ఇక పాత డిస్కుల సంగతి. వాటిని తుడిచి కొత్త పూల్‌లో కలుపుకోవాలన్న ఆలోచనకు పరిమాణం అడ్డువచ్చింది. మామూలు రెయిడ్‌లో, చేర్చే డిస్కు అందులో ఉన్నవాటిలో అతి చిన్నదానికన్నా చిన్నది కాకూడదు. సైనాలజీ హైబ్రిడ్ రెయిడ్‌లో కూడా చేర్చే డిస్కు ఉన్నవాటిలో ఏదో ఒకదానితో సమానంగా గాని, అతి పెద్దదానికన్నా పెద్దదిగా గాని ఉండాలి. నా కొత్త డిస్కులు పెద్దవి, పాతవి చిన్నవి. ముందుగా పాతవాటిని పెట్టి తరువాత పెద్దవాటిని చేర్చి ఉంటే అన్నీ ఒకే పూల్‌లో ఉండేవి గాని, ఆ పూల్ బలం వయసు మళ్లిన డిస్కుల మీద ఆధారపడి ఉండేది. అందుకే పాత రెండింటినీ మూడవ, నాలుగవ అరల్లో విడిగా ఒక మిర్రర్‌గా చేసి, కంప్యూటర్ల డిస్కులకు రోజూ తీసే పూర్తి నకళ్ల (ఇమేజ్ ఫైళ్ల) వంటి, పోయినా మళ్లీ తయారు చేసుకోగల వాటికి కేటాయించాను. వాటిలో ఏదైనా పాడైన రోజున అదే అరలో పెద్ద డిస్కు పెట్టవచ్చు. తుడిచే పని మాత్రం వెంటనే చేయలేదు. కొత్త పూల్ మీద డేటా అంతటినీ చదివి సరిచూసే స్క్రబ్ ఒకసారి పూర్తిగా నడిచి, తప్పులేవీ లేవని నివేదిక వచ్చేదాకా పాత డిస్కులు పాత పెట్టెలోనే, విద్యుత్తు లేకుండా, చెక్కుచెదరకుండా ఉన్నాయి.